గోడ మీద సర్టిఫికెట్ ఉందా?

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు సమస్య వల్ల కాళ్లూచేతుల కదలికలు సరిగా ఉండవు). కావలిలో ఒక సెంటర్లో నెల ఫీజు ముందే కట్టించుకుని ఫిజియోథెరపీ వారానికి ఒక్కరోజే చేశారు, అడిగితే విసుక్కున్నారు. ఇప్పుడు ఒంగోలులో ఇంకోటి చూస్తున్నాం. గవర్నమెంటు గుర్తింపు ఉందంటున్నారు, నమ్మొచ్చా?
– ఓ తల్లి, కావలి

జవాబు: నోటిమాట నమ్మొద్దమ్మా. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇలాంటి సంస్థ నడపాలంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ సర్టిఫికెట్ అందరికీ కనపడేలా పెట్టాలి కూడా. అది ఏ తేదీ వరకు చెల్లుతుందో చూడండి, అనుమానముంటే కలెక్టరేట్‌లో దివ్యాంగుల సంక్షేమ శాఖ వాళ్లని అడగండి. సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం చూపించి ఇదే అంటారు కొందరు, అది వేరు! స్పెషల్ టీచర్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ (ఇలాంటి టీచర్లను నమోదు చేసే కేంద్ర సంస్థ) ఇచ్చిన నంబరు ఉండాలి, అడగడానికి మొహమాటపడకండి.

కాగితాలు బాగుంటే సరిపోదు. చెప్పకుండా ఒకరోజు మధ్యాహ్నం అన్నాల వేళ వెళ్లండి, పిల్లలకి ఎవరు తినిపిస్తున్నారు, బాత్రూంకి ఎవరు తీసుకెళ్తున్నారు చూస్తే సగం తెలిసిపోతుంది. మిమ్మల్ని గేటు దగ్గరే ఆపేస్తే నేనైతే అక్కడ చేర్చను. ఫీజు నెలనెలా కడతామనండి, రసీదు తీసుకోండి.

అన్నట్టు, బాబుకి నిరామయ అనే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉందా? సెరిబ్రల్ పాల్సీకి వర్తిస్తుంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా.