రెండు రంగుల మెడపట్టీ: పాత రంగు చుక్క ఎందుకు?

ప్రశ్న: క్రోషాతో రెండు రంగుల ఊలు మెడపట్టీ గుండ్రంగా అల్లుతున్నాను. రంగు మారేచోట పాత రంగు చుక్కలా కనిపిస్తోంది. కింది అంచేమో బిగుసుకుని తల పట్టడం లేదు. ఏం చేయాలి?

జవాబు: మీరు రంగు ఒక్క లాగుడు ఆలస్యంగా మారుస్తున్నారు. సూదిపై మిగిలే ఉచ్చే తర్వాతి కుట్టుకు పైభాగం అవుతుంది. అందుకే వరసలో చివరి డబుల్ క్రోషా కుట్టు పూర్తికాకముందే, సూదిపై రెండు ఉచ్చులు ఉండగానే కొత్త రంగు లాగి, దానితోనే స్లిప్ స్టిచ్ (ఎత్తు లేని చిన్న కుట్టు) వేసి వరస చివరను మొదలుతో కలపండి.

ఇక అంచు బిగుసుకోకుండా, అల్లిక 5 మి.మీ. సూదితో అయినా, పునాది గొలుసు (మొదట వేసే ఉచ్చుల వరస) 84 ఉచ్చులు మాత్రం 6 మి.మీ. సూదితో వేయండి. 10 సెం.మీ.కు 14 కుట్లు పడితే చుట్టుకొలత 60 సెం.మీ. వస్తుంది. గుండ్రంగా కలిపేముందు గొలుసు మెలికపడిందేమో చూడండి, తర్వాత విప్పడమే గతి! రెండేసి వరసలకు రంగు మారిస్తే దారం తెంచక్కర్లేదు; లోపలివైపు వదులుగా పైకి తెచ్చుకోండి.