సాలిడ్‌వర్క్స్‌లో ఇంటి ప్లాన్: గోడ మారిస్తే కిటికీలన్నీ ఎర్రర్లా?

తమ్ముడూ, కావలిలో కట్టబోయే ఇంటికి సాలిడ్‌వర్క్స్ (కంప్యూటర్‌లో త్రీడీ మోడల్ గీసే సాఫ్ట్‌వేర్)లో మధ్య గోడ తీసేసి హాలు పెద్దది చేయగానే కిటికీలన్నీ ఎర్రర్ చూపిస్తున్నాయన్నావు కదా. టెన్షన్ పడకు, మళ్లీ మొదటినుంచి గీయక్కర్లేదు.

కిటికీ స్కెచ్‌లు గోడ ముఖం మీద గీశావు, కొలతలు గోడ అంచునుంచి ఇచ్చావు. ఆ గోడ పోతే వాటికి ఆధారమే లేదు. రోల్‌బ్యాక్ బార్‌ను (పక్కన ఫీచర్ల జాబితా అడుగున ఉండే గీత) కిటికీల కంటే పైకి జరిపి, టాప్ ప్లేన్ మీద గోడల మధ్యగీతలతో ఒక్క లేఅవుట్ స్కెచ్ గియ్యి. ఆ గోడ గీత మీదుగా నిలువుగా ఒక ప్లేన్ పెట్టి, బార్‌ను మళ్లీ కిందికి దించు. తర్వాత ప్రతి కిటికీకీ ‘ఎడిట్ స్కెచ్ ప్లేన్’ తెరిచి, దాని గోడ గీతకు కట్టిన ప్లేన్‌కు మార్చు. ఆధారం తెగి గోధుమరంగులోకి మారిన కొలతలను లేఅవుట్ గీతలకు తిరిగి తగిలించు.

గోడలన్నీ ఒకే ముద్దగా కలిసిపోకుండా, గోడలకు ‘మెర్జ్ రిజల్ట్’ టిక్ తీసెయ్యి. కట్ ఇచ్చేటప్పుడు ఫీచర్ స్కోప్‌లో (కట్ ఏ గోడలకు తగలాలో చెప్పే చోటు) ఆ ఒక్క గోడనే ఎంచుకో, లేదంటే వంటగది కిటికీ ఎదురు గోడకూ కన్నం పెడుతుంది. గోడ మందం 230 మి.మీ., గడప ఎత్తు లాంటివి ఈక్వేషన్స్‌లో గ్లోబల్ వేరియబుల్స్‌గా (ఒకచోట మారిస్తే అంతటా మారే పేరున్న కొలతలు) పెట్టుకో.

మేస్త్రికిచ్చే షీట్‌లో డ్యుయల్ డైమెన్షన్ (ఒకే కొలతను రెండు యూనిట్లలో చూపించేది) ఆన్ చెయ్యి, ఆయనకు అడుగులు, అంగుళాలే కావాలి. పునాదికీ శ్లాబు కమ్మికీ మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీర్ లెక్కే తీసుకో, తమ్ముడూ.