దుబాయ్ విజిట్ వీసాతో అబుదాబి వెళ్లి రావచ్చా?

వెళ్లి రావచ్చు, వేరే వీసా అక్కర్లేదు. రెండూ ఒకే దేశంలోవి, యూఏఈలోని 7 ఎమిరేట్లలో (మన రాష్ట్రాల్లాంటివి) రెండు. మధ్యలో ఇమిగ్రేషన్ కౌంటర్ ఉండదు, పాస్‌పోర్టు మీద ముద్ర పడదు. సుమారు 140 కిలోమీటర్లు, కారులో గంటన్నర దారి. ఉదాహరణకు, గైడుతో కారు మాట్లాడుకుని పొద్దున బయల్దేరితే షేక్ జాయెద్ మసీదు, లూవ్ర్ మ్యూజియం చూసుకుని రాత్రికి దుబాయ్ చేరొచ్చు. మసీదుకు టికెట్ లేదు గానీ ముందే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. ఆడవాళ్లకు తల మీద చున్నీ, పొడుగు చేతుల బట్టలు తప్పనిసరి. మగవాళ్లకు నిక్కర్లు కుదరవు.

చాలామంది పొరబడేది ఒమన్ విషయంలో. పక్కనే కదా, మస్కట్ కూడా ఇలాగే అనుకుంటారు. ఒమన్ వేరే దేశం. సింగిల్ ఎంట్రీ, అంటే ఒక్కసారే లోపలికి రానిచ్చే యూఏఈ వీసాతో సరిహద్దు దాటారా, ఆ వీసా అక్కడితో సరి. తిరిగి దుబాయ్‌లోకి రావాలంటే కొత్తది కావాలి.