ఏఓత్రీలో కొత్తగా చేరాను. తెలుగులో ఫ్యాన్ ఫిక్షన్ రాయొచ్చా? ఆ ట్యాగులు చూస్తేనే టెన్షన్‌గా ఉంది

రండి రండి, తెలుగులో రాసేవాళ్ళు వస్తున్నారంటే నాకు పండగే. తెలియనివాళ్ళ కోసం ఒక మాట: నచ్చిన సినిమాల, పుస్తకాల పాత్రలతో అభిమానులు సొంతంగా రాసే కథల్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారు, వాటిని పెట్టుకునే సైటే ఏఓత్రీ. ఆర్ఆర్ఆర్‌లో రామ్, భీమ్ ఢిల్లీ వదిలి ఊళ్ళకి చేరాక ఎలా బతికారో రాసుకున్నాననీ, తీరా పోస్ట్ చేద్దామని పేజీ తెరిస్తే నింపాల్సిన అన్ని గళ్ళు చూసి డ్రాఫ్ట్‌గా పెట్టి ఆగిపోయాననీ మీరు అన్నారు. ఎవరైనా చదువుతారా, ఎవరైనా తిడతారా, కేసులేమైనా అవుతాయా అని కూడా అడిగారు. నేను అక్కడ చాలా ఏళ్ళుగా చదువుతున్నాను. రాసేది తక్కువ, బీటా చేసేది ఎక్కువ. బీటా అంటే వేరేవాళ్ళ కథని పోస్ట్ చేసేముందే చదివి తప్పొప్పులు చెప్పడం. కాబట్టి నాకు తెలిసినంత చెప్తాను.

ముందు ఆ గళ్ళ సంగతి. అవి ఎందుకున్నాయో తెలిస్తే సగం భయం పోతుంది. 2007లో లైవ్‌జర్నల్ అనే సైట్ అభ్యంతరకరమైనవి తీసేస్తున్నామంటూ వందల ఖాతాల్ని ఒక్కసారిగా మూసేసింది. ఆ ఊపులో ఫ్యాన్ ఫిక్షన్ రాసుకునే గుంపులు, పుస్తకాల మీద మాట్లాడుకునే గుంపులు కూడా కొట్టుకుపోయాయి. తర్వాత కొన్నిటిని తిరిగి తెరిచారనుకోండి, కానీ రాసేవాళ్ళకి నమ్మకం పోయింది. మన కథలు మన సొంత సర్వర్ల మీదే ఉండాలని కొందరు అభిమానులు అదే ఏడాది ఆర్గనైజేషన్ ఫర్ ట్రాన్స్‌ఫార్మేటివ్ వర్క్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ పెట్టారు. దాని కిందే ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్, అంటే మన ఏఓత్రీ, 2009 నవంబర్‌లో అందరికీ తెరుచుకుంది. ప్రకటనలుండవు. విరాళాలతో, వాలంటీర్లతో నడుస్తుంది. 2019లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రంగంలో ఇచ్చే హ్యూగో అవార్డు కూడా వచ్చింది.

అలా పుట్టిన చోటు కాబట్టి ఏం రాయాలో అక్కడ మీకు ఎవరూ చెప్పరు. లోపల ఏముందో తలుపు మీదే రాసిపెట్టమంటారు, అంతే. ఆ గళ్ళన్నీ అందుకే. కథలో ఏముందో చెప్పడానికి వాటిలో నింపే చిన్న చిన్న మాటలే ట్యాగులు, అక్కడి మర్యాదంతా వాటిలోనే ఉంది. కథ సాదాసీదాగా ఉన్నా ఎవరూ ఏమీ అనుకోరు. ట్యాగు తప్పుగా ఉంటే మాత్రం మోసపోయామనుకుంటారు.

కొత్తవాళ్ళు ఎక్కువగా తికమకపడేది హెచ్చరికల దగ్గర. తీవ్రమైన హింస, ముఖ్య పాత్ర మరణం, అత్యాచారం, మైనర్లతో లైంగిక విషయాలు, ఈ నాలుగింటికి హెచ్చరికలున్నాయి. వాటి పక్కన ఇంకో రెండు ఉంటాయి, చూడ్డానికి ఒకేలా అనిపిస్తాయి. 'నో ఆర్కైవ్ వార్నింగ్స్ అప్లై' అంటే ఆ నాలుగూ నా కథలో లేవని మాట ఇస్తున్నట్టు. 'చూజ్ నాట్ టు యూజ్' అంటే ఉండొచ్చు, లేకపోవచ్చు, నేను చెప్పను, మీ ఇష్టముంటే చదవండి అని. మీ కథలో భీమ్ చనిపోతాడనుకోండి, అది ముందే చెప్పేస్తే కథ పాడవుతుందనుకుంటే ఈ రెండోది పెట్టండి, తప్పేం లేదు. మొదటిది పెట్టి చివర్లో భీమ్‌ని చంపేశారంటే మాత్రం కామెంట్లు గట్టిగానే పడతాయి.

రెండో చిక్కు పేర్ల మధ్య గీత. ఇద్దరి పేర్ల మధ్య వాలుగీత (/) పెడితే వాళ్ళిద్దరిదీ ప్రేమకథ అని అర్థం. 'అండ్' గుర్తు (&) పెడితే స్నేహం, అన్నదమ్ముల బంధం, తల్లీబిడ్డల బంధం, ఇలాంటివి. నేను ఎరిగిన ఒకమ్మాయి అన్నదమ్ముల కథకి తెలియక వాలుగీత పెట్టింది. ప్రేమకథ అనుకుని వచ్చినవాళ్ళు నిరాశపడ్డారు, అన్నదమ్ముల కథలు వెతికేవాళ్ళకి అది కనపడనే లేదు. ట్యాగు మార్చగానే సర్దుకుంది. ఎప్పుడైనా మార్చుకోవచ్చు, దీనికి కంగారు అక్కర్లేదు. మీరు రాసింది స్నేహమైతే 'అండ్' గుర్తు పెట్టండి. రామ్, భీమ్‌ల మధ్య ప్రేమకథలు రాసేవాళ్ళు అక్కడ చాలామందే ఉన్నారు, అవి మీకు ఇబ్బందిగా ఉంటే ఆ ట్యాగుని ఫిల్టర్‌లో తీసేసి చదువుకోండి.

రేటింగ్ తేలికే. పిల్లలు కూడా చదవగలిగితే 'జనరల్', కాస్త గాయాలు, తిట్లు ఉంటే 'టీన్'. 'నాట్ రేటెడ్' అని వదిలేస్తే పెద్దలకి మాత్రమే అన్న హెచ్చరిక వస్తుంది, అందుకని ఏదో ఒకటి ఎంచుకోండి. సినిమా పేరు, పాత్రల పేర్లు టైప్ చేస్తుంటే కింద జాబితా వస్తుంది, అందులోంచే తీసుకోండి. మీ సొంత ట్యాగులు తెలుగు లిపిలో పెట్టుకున్నా ఫర్వాలేదు. రకరకాలుగా రాసిన ట్యాగుల్ని ఒకదానికొకటి కలిపే వాలంటీర్లే ప్రత్యేకంగా ఉన్నారు, ట్యాగ్ రాంగ్లర్లు అంటారు వాళ్ళని.

ఇక తిట్ల సంగతి. మనవాళ్ళకి అభిమానులంటే కటౌట్లు, పాలాభిషేకాలు, ట్విట్టర్‌లో ఆ హీరో వాళ్ళు ఈ హీరో వాళ్ళని ఏకడం గుర్తొస్తాయి. ఆ అలవాటు అక్కడికి తేవద్దు. రామ్ గొప్పా భీమ్ గొప్పా అని ఎవరి కథ కిందా వాదన పెట్టకండి. నచ్చకపోతే వెనక్కి వచ్చేయడమే అక్కడి పద్ధతి. అడగకుండా తప్పులెంచడం కూడా చాలామందికి నచ్చదు. ఈ విషయంలో నాది కాస్త వేరే అభిప్రాయం. పత్రికల్లో కథ పడితే పాఠకుల ఉత్తరాల్లో ఉతికి ఆరేసే సంప్రదాయం చూసి పెరిగాను, నిజం చెప్తే రాసేవాళ్ళకి మంచిదనే అనుకుంటాను. కానీ అది వాళ్ళ ఇల్లు, వాళ్ళ పద్ధతి. మీకు విమర్శ కావాలంటే కథ ముందు నోట్‌లో ఆ మాట రాయండి, అప్పుడు చెప్తారు.

మీరు వేరేవాళ్ళవి చదివినప్పుడు కుడోస్, అంటే మెచ్చుకోలు బటన్, నొక్కండి, ఒక కథకి ఒకసారే పడుతుంది. ఓపికుంటే నచ్చిన వాక్యం ఎత్తి రాసి, ఎందుకు నచ్చిందో చెప్పండి. 'నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు?' అని మాత్రం అడగొద్దు. మన సీరియల్ కథల దగ్గర అది మెచ్చుకోలే, అక్కడ చాలామందికి అప్పులవాడు తలుపు కొట్టినట్టుంటుంది.

తెలుగులో చదివేవాళ్ళున్నారా అంటే, తక్కువే. పోస్ట్ చేసేటప్పుడు భాష దగ్గర తెలుగు ఎంచుకుంటే వెతికేవాళ్ళకి దొరుకుతుంది. మొదటి నెలలో నాలుగు కుడోస్ వచ్చినా బాగా వచ్చినట్టే లెక్క. అయితే మీకు తెలియని లాభం ఒకటుంది. 2022లో ఆర్ఆర్ఆర్ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చాక తెలుగు ఒక్క ముక్క రానివాళ్ళు ఎక్కడెక్కడినుంచో దాని మీద రాయడం మొదలుపెట్టారు. వాళ్ళ కథలు నేను కొన్ని బీటా చేశాను. 'అన్నా' అనే పిలుపు తెగ నచ్చేసి వాక్యానికొకటి పెట్టేవాళ్ళు. ఒకావిడ సీత చేత కాబోయే భర్త రామ్‌ని పేరుపెట్టి పిలిపించింది. 1920ల నాటి పల్లె, 'బావా' అంటుంది గానీ పేరెలా పెడుతుందమ్మా అన్నాను. ఇంకొకరు ఒక పాత్రని బూట్లతోనే వంటింట్లోకి నడిపించేశారు! ఇలాంటివి సరిచేసేవాళ్ళ కోసం వాళ్ళు నిజంగా ఎదురుచూస్తుంటారు. రెండు మూడు కథలకి సాయం చేయండి, మీ తెలుగు కథకి ఇంగ్లీష్ అనువాదం చేద్దామా అని వాళ్ళే అడగొచ్చు. మీరు ఎవరిదైనా తెలుగులోకి తేవాలంటే మాత్రం ముందు అనుమతి అడగండి. కొందరు అనువాదాలకి అభ్యంతరం లేదని ప్రొఫైల్‌లోనే రాసుంచుతారు. ఫారంలో మూలకథ లింకు పెట్టే చోటు కూడా ఉంది.

కేసుల గురించి. నేను లాయర్‌ని కాను. డబ్బు ఆశించకుండా, కొత్తదనం కలిపి రాసింది అమెరికా చట్టం ప్రకారం న్యాయమైన వాడకమే అన్నది ఏఓత్రీని నడిపే సంస్థ వాదన, వాళ్ళకి న్యాయ విభాగం కూడా ఉంది. అందుకే డబ్బు విషయంలో అంత పట్టుదల. కథ కింద యూపీఐ నంబరు, చదివితే టీ ఇప్పించండి లాంటివి పెట్టడం కుదరదు. కాయిన్లిచ్చే కథల యాప్‌ల నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు. 'ఈ పాత్రలు నావి కావు' అని పైన రాయడం పాత అలవాటు, రాసినా రాయకపోయినా తేడా లేదు.

సొంత పేరు పెట్టొద్దు. ఒకే ఖాతాలో రెండు మారుపేర్లు పెట్టుకోవచ్చు గానీ అవి ఒకరివే అని అందరికీ తెలుస్తుంది, ఇంట్లోవాళ్ళ నుంచి దాచుకోవడానికి అవి పనికిరావు. ఎప్పుడైనా ఆ కథతో సంబంధం వద్దనుకుంటే 'ఆర్ఫన్' చేయొచ్చు. కథ ఉంటుంది, మీ పేరు పోతుంది. కానీ మళ్ళీ వెనక్కి తీసుకోవడం కుదరదు, ఆలోచించి చేయండి.

ఇంకొక్కటి, దీన్ని మాత్రం ఇవ్వాళే చూసుకోండి. డ్రాఫ్ట్‌గా పెట్టి ఆగిపోయానన్నారు. అక్కడ డ్రాఫ్ట్ నెల లోపు పోస్ట్ చేయకపోతే దానంతట అదే చెరిగిపోతుంది. ముందు కథ మొత్తం కాపీ చేసి మీ ఫోన్లోనో గూగుల్ డాక్స్‌లోనో పెట్టుకోండి. ట్యాగులు పెట్టాక అనుమానముంటే ఇక్కడ కామెంట్లో రాయండి, పోస్ట్ చేసేలోపే చూసి చెప్తాను.