నవల రాస్తానన్న మా అమ్మాయికి

అమ్మలూ,

ఉద్యోగం మానేసి పెద్దింటి హత్యకేసు మీద నవల మొదలుపెట్టావని మీ అమ్మ రాత్రి ఫోన్ చేసింది. ఆవిడది టెన్షన్. నాకు ముందు గర్వంగానే అనిపించింది, తర్వాత నిద్ర పట్టలేదు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. కోర్టు కాగితాలు మొత్తం చదువు. విచారణకి రోజూ వెళ్ళు, ఏ రోజు నోట్సు ఆ రోజే రాసుకో. అమెరికాలో డొమినిక్ డన్ అనే రచయిత ఈ దారికొచ్చింది అలాగే. 1982లో ఆయన 22 ఏళ్ళ కూతుర్ని మాజీ ప్రియుడు గొంతు నులిమి చంపాడు. విచారణ జరిగినన్నాళ్ళూ డైరీ రాయమని పత్రికా సంపాదకురాలు టీనా బ్రౌన్ చెప్పింది, ఆయన రాశాడు, అదే 1984లో అక్కడి పత్రిక వానిటీ ఫెయిర్‌లో వ్యాసంగా వచ్చింది. హంతకుడికి పడిన శిక్ష ఆరున్నరేళ్ళు, అదీ పూర్తిగా అనుభవించలేదు. ఆ కడుపుకోతే ఆయన్ని జీవితాంతం చనిపోయినవాళ్ళ పక్కన నిలబెట్టింది.

అంతటివాడూ జారాడు. ఎవరో చెప్పిన కథని నమ్మి 2001లో రేడియోలో, ఒక యువతి మాయమైన కేసులో గ్యారీ కాండిట్ అనే కాంగ్రెస్ సభ్యుడి చేయి ఉందన్నట్టు మాట్లాడేశాడు. ఆ రాజకీయ నాయకుడు కోటీ 10 లక్షల డాలర్లకి దావా వేశాడు, 2005లో రాజీ పడాల్సి వచ్చింది.

నా భయం ఇక్కడే. నేనూ జారాను, మీ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అప్పుడు నాకు నీ వయసే, పేపర్లో రిపోర్టర్ని. ఒక పెద్దింటి కోడలు చనిపోయింది. వాళ్ళ బంధువు ఒకావిడ నన్ను హాల్లో కూర్చోబెట్టి, తనే కాఫీ తెచ్చిచ్చి, "మీలాంటివాళ్ళకే చెప్పగలం" అంటూ డ్రైవర్ మీద అనుమానం ఉందని చెప్పింది. ఆ "మీలాంటివాళ్ళు" అన్న మాటకి పొంగిపోయాను చూడు, అదీ నా తప్పు. నాలుగు లైన్లు రాశాను. పేరు వేయలేదు కదా అనుకున్నాను, కానీ ఆ ఇంటికి ఉన్నదే ఒక్క డ్రైవరు! వారం తిరక్కుండా అతని భార్య ఆఫీసుకి వచ్చింది. నాలుగు మడతలు పెట్టిన పేపరు ముక్క, మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయి ఉన్నాయి. "ఇది రాసింది మీరేనా?" అని అడిగింది. అంతే, తిట్టలేదు. ఆ కోడలు చనిపోయిన రాత్రి అతను జ్వరంతో ఉన్న పిల్లాడితో ఆస్పత్రిలో ఉన్నాడు. ఒక్కసారి అతని ఇంటికి వెళ్ళి అడిగి ఉంటే తెలిసేది. సవరణ రెండు లైన్లలో పేజీ అడుగున వేశారు, అతనికి పోయిన ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు.

నిన్నూ పిలుస్తారు, విందులకి కూడా పిలుస్తారు. వెళ్ళు, వద్దనను. ఎవరు ఏం చెప్పినా, ఇది బయటికొస్తే వీళ్ళకేం కలిసొస్తుందని అక్కడే ఆలోచించు. వెనక గుమ్మం నుంచి వచ్చిపోయేవాళ్ళతో మాట్లాడకుండా ఒక్క లైను కూడా అచ్చుకి ఇవ్వకు. నవలే కదా, పేర్లు మారిస్తే సరిపోతుందనుకుంటున్నావేమో, చదివేవాళ్ళు ఇట్టే పోల్చేస్తారు, పిచ్చిదానా.

వేళకి తిను, రాత్రుళ్ళు మరీ మేలుకోకు. నీ నవల్లో ఆ ఇంటి పనివాళ్ళు ఉంటే ముందు ఆ పేజీలే పంపు, చదువుతాను.

మీ బాబాయి