తిరుపతిలో ఇంట్లోనే రొయ్యల గ్రిట్స్ చేయాలంటే? రవ్వ ఉండలు కట్టకూడదంటే?

ఇది అమెరికాలో దక్షిణ కరోలినా తీరం వంటకం. గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వే. మన సంగటికి దూరపు చుట్టం అనుకోండి, కాకపోతే ముద్ద కట్టకూడదు, గరిటజారుగా ఉండాలి. కొట్లో కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లటి పిండి ఇస్తారు, అది జిగురైపోతుంది. మొక్కజొన్న రవ్వ అనే అడగండి.

ఇద్దరికి అర కప్పు రవ్వ, రెండు కప్పుల నీళ్లు, అర చెంచా ఉప్పు. మరిగే నీళ్లలో రవ్వ ఒక్కసారిగా గుమ్మరిస్తే పైపొర ఉడికి లోపల పొడి ఉండిపోతుంది, ఉండలు అవే. చన్నీళ్లలోనే కలిపి పొయ్యి మీద పెట్టండి, మరుగు పట్టేదాకా తెడ్డు ఆపొద్దు. ఆపైన సన్నసెగ, మూత, 25 నిమిషాలు. మధ్యమధ్య అడుగు కలుపుతూ, గట్టిపడితే వేణ్ణీళ్లు పోయండి. పలుకు తగలకపోతే ఉడికినట్టే. చెంచా వెన్న కలిపి దించండి.

రొయ్యలు పావుకిలో. వీపు మీది నల్లనరం తీసి, కడిగి, గుడ్డతో అద్దండి. తడి ఉంటే వేగవు, నీరు కక్కి ఉడుకుతాయి. వెన్నలో ఒక్కో వైపు నిమిషంన్నర. కొడవలిలా వంగగానే తీసేయాలి, సున్నా చుట్టుకుంటే రబ్బరే. అదే బాణలిలో వెల్లుల్లి, ఉల్లి, మదనపల్లె టమాటా, మిరియాలపొడి మగ్గాక రొయ్యలు తిరిగి వేసి, వేడి రవ్వ మీద పోసుకోండి. చల్లారితే రవ్వ గడ్డకడుతుంది.