ప్యాడ్ నిండలేదని అలాగే ఉంచేసుకోవచ్చా?

ప్రశ్న: అక్కా, మాది గుణుపురం. పాప తొమ్మిదో క్లాసు, ఒడియా మీడియం. బడిలో ప్యాడ్లు ఇస్తారు గానీ పొద్దున పెట్టుకున్నది సాయంత్రం ఇంటికొచ్చేదాకా తీయదు, నిండలేదు కదమ్మా వేస్ట్ ఎందుకు అంటాది. ఇప్పుడు తొడల దగ్గర ఒరుసుకుపోయి దురద, మంట. మా అత్తేమో ఆ ప్లాస్టిక్ వల్లే, మా కాలంలో అన్నీ గుడ్డలే అంటాది. ఏది మంచిది?

జవాబు: చెల్లీ, మీ అత్తగారు చెప్పింది సగం కరెక్టే. కాటన్ గుడ్డ చన్నీళ్ళలో నానబెట్టి (వేడినీళ్ళు పోస్తే మరక పట్టేసుకుంటాది) సబ్బుతో ఉతికి ఎండలో ఆరేస్తే ఏ ఇబ్బందీ లేదు, కానీ మన ఇళ్ళల్లో ఎండలో ఎవరు ఆరేస్తారు చెప్పు, చీర కిందో మంచం కిందో దాచి, వానాకాలం అయితే ఆ చెమ్మదే మళ్ళీ కట్టుకోడం. అత్తగారికి గుడ్డలే ఇష్టమైతే దండెం ఎండలో కట్టమను.

పాప సంగతి వేరు. ప్యాడ్ లోపల తడి తగిలితే జెల్ అయిపోయే పొడి ఉంటాది, అది పీల్చేసుకుంటాది కాబట్టి పైకి పొడిగానే కనిపిస్తాది, నిండలేదు అనిపిస్తాది. ఈలోపు చెమటా రక్తమూ కలిసి గాలాడక గంటలకొద్దీ ఒరుసుకుంటే చర్మం రేగదా మరి? నిండినా నిండకపోయినా నాలుగు నుంచి ఆరు గంటలకి మార్చాల్సిందే, ఎక్కువ పోయే రోజు ఇంకా ముందే.

అసలు వేస్ట్ అనే మార్చట్లేదా అని నాకు డౌటు. బడి బాత్రూంకి గొళ్ళెం ఉందా, నీళ్ళొస్తాయా, తీసింది వేయడానికి డబ్బా ఉందా మెల్లగా అడుగు, పిల్లలు ఇవి వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. డబ్బా లేకపోతే బ్యాగులో పాత పేపరూ ఒక కవరూ పెట్టి పంపు, చుట్టి ఇంటికి తెచ్చుకుంటాది, చెత్తబండికి విడిగా ఇవ్వొచ్చు. బాత్రూంలో వేస్తే జామ్ అయిపోద్ది, వంశధారలో అయితే అసలే వద్దు.

ఖర్చంటావా, ఒడిశాలో బడి పిల్లలకి ఫ్రీగా ఇచ్చే ఖుషీ స్కీం 2018లోనే వచ్చింది, అవి చాలకపోతే జన ఔషధి షాపుల్లో సువిధ ప్యాడ్ 2019 నుంచి ఒక్కోటి రూపాయే. రూపాయి కోసం ఒళ్ళు పాడుచేసుకోడం ఎందుకు.

ఇప్పటికి సెంటు వాసనొచ్చే ప్యాడ్లు మానిపించు, పౌడరు రాయొద్దు, ఉత్త నీళ్ళతో ముందు నుంచి వెనక్కి కడుక్కుని తడి ఆరాక కొత్తది పెట్టుకోమను. డేట్ అయిపోయాక రెండు మూడు రోజులకీ దురద తగ్గకపోయినా, విరిగిన పెరుగులా తెల్లబట్ట అయినా, చెడు వాసనొచ్చినా మీ ఆశా దీదీని వెంటేసుకుని లేడీ డాక్టర్‌కి చూపించు, మెడికల్ షాపులో అడిగి ఏదో క్రీము మాత్రం రాయకు.